తప్పు బ్యాటరీదేనా?
క్యారవాన్‌లో ఛార్జింగ్ ఎక్కకపోవడం వెనుక విజ్ఞానం

శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే ఎక్కే లారీ మొదలు షూటింగుకి వెళ్లే క్యారవాన్ దాకా, బండి నడిపేవాళ్ల నోట బ్యాటరీ గురించి ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "ఛార్జింగ్ ఎక్కట్లేదండీ." ఆ వెంటనే చాలామంది చేసేది పాత బ్యాటరీని షాపులో ఇచ్చేసి కొత్తది వేయించుకోవడం. కొత్తది కొన్ని నెలలు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది. అప్పుడు కంపెనీని తిట్టుకుంటారు, వారంటీ కాగితాలు వెతుక్కుంటారు.

నిజానికి బ్యాటరీ కరెంటు వచ్చే దారిలో చివర ఉండేది. కరెంటు పుట్టేచోటు నుంచి బ్యాటరీ పలకల దాకా మధ్యలో ఛార్జరు, ఫ్యూజులు, స్విచ్చులు, వైర్లు, బోల్టులు, బండి బాడీ, టెర్మినళ్లు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా పైకి కనిపించే లక్షణం ఒకటే, బ్యాటరీ నిండదు. అందుకే ముందు పరీక్షించాల్సింది ఈ దారిని. అందుకు ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. ఒక మల్టీమీటరు, వీలైతే డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంటే చాలు. ఏ అంకెకి ఏమిటర్థమో తెలియాలి, అంతే.

ఒకే బండిలో రెండు బ్యాటరీలు

తెలుగువాళ్లకి క్యారవాన్ అంటే ముందు గుర్తొచ్చేది సినిమా. అవుట్‌డోర్ షూటింగుల్లో నటీనటుల కోసం నిలిపి ఉంచే వ్యాన్ అది. లోపల ఏసీ, మేకప్ అద్దం చుట్టూ లైట్లు, చిన్న ఫ్రిజ్, బాత్‌రూమ్, నీళ్ల పంపు ఉంటాయి. కుటుంబాలు టూర్లకి అద్దెకు తీసుకునే క్యాంపర్ వ్యాన్లదీ దాదాపు ఇదే ఏర్పాటు. అమెరికాలో ఉన్న మనవాళ్లు సెలవుల్లో కారు వెనక తగిలించుకుని వెళ్లే ట్రావెల్ ట్రైలర్‌కి సొంత ఇంజిన్ ఉండదు. మన దగ్గర ఇంజిన్, ఇల్లు ఎక్కువగా ఒకే బాడీలో ఉంటాయి. తేడా అంతవరకే. బ్యాటరీ కష్టాలు రెండింటికీ ఒకటే.

ఇలాంటి బండిలో రెండు బ్యాటరీలుంటాయి. ముందున్నది స్టార్టింగ్ బ్యాటరీ. సెకను రెండు సెకన్లు వందల ఆంపియర్లిచ్చి ఇంజిన్‌ని తిప్పడం దాని పని. వెనక ఉన్నది లోపలి లైట్లకి, ఫ్యాన్లకి, పంపుకి, ఇన్వర్టరుకి గంటల తరబడి కొద్దికొద్దిగా కరెంటిచ్చేది. మన దగ్గర దీనికి ఎక్కువగా ఇళ్లలో వాడే 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీయే పెడుతుంటారు. స్టార్టింగ్ బ్యాటరీలో పలకలు పలచగా, ఎక్కువగా ఉంటాయి. ట్యూబులర్‌లో మందంగా ఉంటాయి. అందుకే కారు బ్యాటరీని తెచ్చి ఇన్వర్టరుకి పెడితే లోతుగా ఖాళీ అయిన కొన్ని పదులసార్లకే చేతులెత్తేస్తుంది.

వెనక బ్యాటరీకి ఛార్జింగ్ మూడు వైపుల నుంచి రావచ్చు: ఇంజిన్ బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ నుంచి (మెకానిక్కులు ఇప్పటికీ దీన్ని డైనమో అనే అంటారు), జనరేటరు వ్యాన్ లేదా గోడ ప్లగ్గు ఇచ్చే 230 వోల్టుల నుంచి, బండి పైకప్పు మీది సోలార్ ప్యానెల్ నుంచి. ఏ దారిలో తప్పుందో తేలాలంటే మూడింటినీ కలిపి చూడకూడదు. ఇంజిన్ ఆపి, ప్లగ్గు పీకి, ప్యానెల్ స్విచ్చు కట్టి, ఒక్కోదాన్ని విడిగా నడిపి చూడాలి. సగం సమస్యలు ఈ ఒక్క పనితోనే ఏ వైపు ఉన్నాయో తేలిపోతాయి.

పన్నెండు వోల్టులతో పన్నెండు వోల్టులు నిండవు

పన్నెండు వోల్టుల బ్యాటరీ లోపలికి కరెంటు వెళ్లాలంటే బయటి వోల్టేజీ దానికన్నా ఎక్కువగా ఉండాలి. ఆ తేడాయే కరెంటును నెడుతుంది. శంషాబాద్ విమానాశ్రయంలో నిలిపిన విమానాల్లోనూ ఇదే లెక్క. విమానాల్లో బ్యాటరీ వ్యవస్థ సాధారణంగా 24 వోల్టులది, దాన్ని పోషించే డీసీ సరఫరా మాత్రం 28 వోల్టులు. గేటు దగ్గర ఆగిన పెద్ద విమానానికి నేల మీది నుంచి కేబుల్‌తో 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటిస్తే, లోపలి పరికరాలు దాన్ని 28 వోల్టుల డీసీగా మార్చుకుంటాయి. ఆ అదనపు నాలుగు వోల్టులు లేకపోతే బ్యాటరీ నిండదు.

మన బండి లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. నిండుగా ఉన్నప్పుడు ఒక్కో సెల్లు సుమారు 2.1 వోల్టులు, మొత్తం 12.6 నుంచి 12.7. దాన్ని పూర్తిగా నింపాలంటే టెర్మినళ్ల దగ్గర సుమారు 14.4 వోల్టులు కావాలి. నిండాక అలాగే నిలిపి ఉంచడానికి 13.5 చాలు. 13.2 వోల్టులు వస్తుంటే మీటరు చూసి "ఛార్జింగ్ అవుతోంది" అనిపిస్తుంది. అవుతుంది కూడా, కానీ ఎంతసేపు పెట్టినా పూర్తిగా నిండదు.

పూర్తిగా నిండకపోతే ఏమవుతుందో తెలియాలంటే లోపలి రసాయనం చూడాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో ఈ బ్యాటరీని తయారుచేసినప్పటి నుంచి మూల సూత్రం మారలేదు. ఒక పలక సీసం, ఇంకోటి సీసపు డయాక్సైడ్, మధ్యలో పలచన చేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుకుంటున్న కొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, యాసిడ్ నీళ్లలా పలచబడుతుంది. ఛార్జింగ్ పెడితే సల్ఫేటు తిరిగి కరిగి యాసిడ్ చిక్కబడుతుంది. ఈ సల్ఫేటు మొదట సన్నని పొడిలాంటి స్ఫటికాలుగా ఉంటుంది, తేలిగ్గా కరుగుతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి. ఆ తర్వాత మామూలు ఛార్జింగుకి కరగవు. మెకానిక్కు "సల్ఫేషన్ అయిపోయింది" అనేది దీన్నే. అంటే సగం సగం ఛార్జింగుతో నెట్టుకొచ్చిన ప్రతి వారం బ్యాటరీ కొంత సామర్థ్యాన్ని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. దారిలో ఉన్న తప్పు చివరికి బ్యాటరీనే చంపుతుంది. కొత్తది వేసినా తప్పు అక్కడే ఉంది కాబట్టి ఆ కొత్తదానికీ అదే గతి పడుతుంది.

నిలకడ వోల్టేజీ ఏం చెబుతుంది?

ఛార్జింగు తీసేసి, ఏ స్విచ్చూ వేయకుండా బ్యాటరీని కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి వదిలేసి వోల్టేజీ చూడాలి. ఛార్జింగు తీసిన వెంటనే చూస్తే పలకల పైపై ఛార్జి వల్ల 13 దాకా చూపించి మోసం చేస్తుంది. నిలకడగా 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. 11.8కి దిగిందంటే ఖాళీ.

రాత్రంతా ఛార్జింగు పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే అది వేరే కథ. 12.6 నుంచి ఒక సెల్లు 2.1 తీసేస్తే మిగిలేది 10.5. అంటే ఒక సెల్లు షార్టయి పూర్తిగా పోయింది. దాన్ని ఏ ఛార్జరూ బాగుచేయలేదు. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నిండుగా ఉన్న సెల్లులో యాసిడ్ సాంద్రత 1.25 అటూ ఇటూగా ఉంటుంది, ఖాళీ అయినదాంట్లో 1.12 దాకా దిగుతుంది. అయిదు సెల్లులు ఒకలా ఉండి ఒకటి మాత్రం 0.05 తక్కువ చూపిస్తే దొంగ అదే.

ఇంకో రకం మోసం ఉంది. ఛార్జరు పెట్టిన కాసేపటికే వోల్టేజీ 14.4కి ఎగబాకుతుంది, ఆంపియర్లు పడిపోతాయి, "ఫుల్" లైటు వెలుగుతుంది. ఒక ఫ్యాన్, రెండు లైట్లు వేస్తే గంటలో దిగిపోతుంది. గట్టిపడిన సల్ఫేటు వల్ల పలకల్లో పనిచేసే భాగం తగ్గిపోయింది, ఆ మిగిలిన కొద్ది భాగమే త్వరగా నిండింది. ఈ లక్షణం కనిపిస్తే తప్పు నిజంగా బ్యాటరీదే.

దారిలో పోయే వోల్టులు

కాలువ మొదట్లో నీళ్లు నిండుగా పారుతున్నా చివరి ఆయకట్టు పొలానికి తడి అందకపోవడం మన రైతులకి కొత్త కాదు. వైరులో వోల్టేజీదీ అదే వరస. మొదట్లో ఎంతుందో చూసి సంతోషిస్తే లాభం లేదు, చివర్లో ఎంత అందుతోందో చూడాలి.

ఒక లెక్క వేద్దాం. ఆల్టర్నేటర్ ముందు, బ్యాటరీ వెనక. మధ్యలో 8 మీటర్ల దూరం. పోయేది, వచ్చేది కలిపితే 16 మీటర్ల రాగి తీగ. అది 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దాని నిరోధం సుమారు 0.046 ఓములు. 20 ఆంపియర్లు పారితే పోయేది 0.92 వోల్టు. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 ఉన్నా వెనక బ్యాటరీకి చేరేది 13.3 మాత్రమే. అదే 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే నష్టం 0.22 వోల్టుకి తగ్గుతుంది, బ్యాటరీకి 14.0 అందుతుంది. బ్యాటరీ నిండుతున్న కొద్దీ ఆంపియర్లు తగ్గుతాయి, వాటితోపాటు నష్టమూ తగ్గుతుంది. కాబట్టి సన్న వైరుతో కూడా గంటల తరబడి ఇంజిన్ నడిస్తే చివరికి నిండవచ్చు. కానీ శంషాబాద్ నుంచి గచ్చిబౌలికి అవుటర్ రింగ్ రోడ్డు మీద అరగంట ప్రయాణం. 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగానికి దిగి ఉంటే కావాల్సింది 75. అరగంటలో 20 ఆంపియర్ల చొప్పున వచ్చేది 10. డ్రైవరుకి బండి నడిచినందుకు ఛార్జింగ్ అయిందనే అనిపిస్తుంది. లెక్క మాత్రం ఒప్పుకోదు.

వైరు మందంగా ఉన్నా అతుకులు చెడి ఉండొచ్చు. టెర్మినల్ మీద తెల్లని పొడి, దాని చుట్టూ నీలం ఆకుపచ్చ కలిసిన పూత పేరుకోవడం చాలామంది చూసే ఉంటారు. తెల్లది సీసపు సల్ఫేటు, రంగున్నది రాగి సల్ఫేటు. రెండూ కరెంటుకి అడ్డే. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, బిగించి, పైన వాసెలిన్ రాస్తే అడ్డు తొలగుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోనిది ఎర్త్. నెగటివ్ వైరుని బాడీకి బిగించిన బోల్టు కింద రంగో, తుప్పో ఉంటే పాజిటివ్ వైపు ఎంత మంచి కేబుల్ వేసినా ప్రయోజనం ఉండదు.

తప్పు ఏ అతుకులో ఉందో మల్టీమీటరే వేలు పెట్టి చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తూ, కరెంటు పారుతూ ఉండగా మీటరు ఒక మొన ఆల్టర్నేటర్ పాజిటివ్ మీద, ఇంకోటి వెనక బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టాలి. మధ్యలో ఏ నష్టమూ లేకపోతే మీటరు సున్నాకి దగ్గరగా చూపిస్తుంది. అర వోల్టు చూపించిందంటే అర వోల్టు ఆ దారిలోనే పోతోంది. అప్పుడు ఫ్యూజుకి అటూ ఇటూ, స్విచ్చుకి అటూ ఇటూ, ఒక్కో అతుక్కీ అటూ ఇటూ పెడుతూ వెళ్తే దొంగ దొరుకుతుంది. బాగున్న అతుకులో కొన్ని పదుల మిల్లీవోల్టులకి మించి పోవు. ఇదే పరీక్షని నెగటివ్ వైపు, ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మళ్లీ చేయాలి. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోవాలి: కరెంటు పారనప్పుడు ఈ పరీక్ష చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. తీగలో వోల్టు పోయేది కరెంటు పారినప్పుడే.

కొత్త బండ్లలో ఇంకో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొన్ని బండ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటరే నడిపిస్తోంది. స్టార్టింగ్ బ్యాటరీ నిండిందనుకోగానే డీజిల్ ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంది. వెనక ఇంకో బ్యాటరీ ఖాళీగా ఉందని దానికి తెలియదు. దీనికి మందు డీసీ-డీసీ ఛార్జరు. ముందు నుంచి కొంత తక్కువ వోల్టేజీ వచ్చినా, వెనక బ్యాటరీకి కావలసిన 14.4ని తనే తయారుచేసి ఇస్తుంది. సన్న వైరులో పోయే నష్టాన్ని కూడా ఇది భర్తీ చేస్తుంది.

జనరేటరు, ప్లగ్గు, ఇన్వర్టరు

షూటింగు స్పాట్‌లో జనరేటరు తిరుగుతూనే ఉంటుంది, అయినా సాయంత్రానికి వ్యాన్ బ్యాటరీ ఖాళీగా ఉంటుంది. ఇది ఎలా సాధ్యమన్నది చాలామందికి అంతుపట్టదు. మన వ్యాన్లలో ఛార్జరు పని చేసేది తరచూ ఇంటి ఇన్వర్టరే. దాని వెనక ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే సుమారు 180 నుంచి 260 వోల్టుల మధ్య ఉన్న కరెంటునే లోపలికి రానిస్తుంది. రెండోవైపు పెడితే వంద వోల్టుల పైచిలుకు దాకా దిగినా ఒప్పుకుంటుంది. కరెంటు 180కి దిగువన పడిన ప్రతిసారీ, యూపీఎస్ వైపున్న ఇన్వర్టరు "కరెంటు పోయింది" అనుకుని బ్యాటరీ నుంచి తీసుకోవడం మొదలుపెడుతుంది. ప్లగ్గు పెట్టి ఉన్నా బ్యాటరీ దిగుతుంది.

వోల్టేజీ అంతగా ఎందుకు పడుతుంది? ఇక్కడా తీగే కారణం. 50 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లదైతే, అటూ ఇటూ కలిపి నిరోధం 1.15 ఓములు. పది ఆంపియర్లు లాగితే 11 వోల్టులకి పైగా దారిలోనే పోతుంది. మూలంలో 195 ఉంటే వ్యాన్ దగ్గర 184 కూడా మిగలదు. ఏసీ కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో లాగే కరెంటుకి అది 180 గీత దాటి కిందికి జారుతుంది. మందమైన వైరు వేయడం, జనరేటరును దగ్గర పెట్టడం, స్విచ్చుని రెండోవైపు మార్చడం, వీటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది.

ఇన్వర్టరు మీద బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్చు కూడా ఉంటుంది. ట్యూబులర్ బ్యాటరీ పెట్టి ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని మూసిన రకం) వైపు ఉంచితే తక్కువ వోల్టేజీకే ఛార్జింగు ఆగిపోతుంది. ఇంకో తమాషా తప్పు కూడా జరుగుతుంటుంది. విడిగా కొన్న ఛార్జరుని ఇన్వర్టరు అవుట్‌పుట్ ప్లగ్గులో పెడతారు. బ్యాటరీ ఇన్వర్టరుని నడుపుతుంది, ఇన్వర్టరు ఛార్జరుని నడుపుతుంది, ఛార్జరు అదే బ్యాటరీని నింపబోతుంది. ప్రతి మలుపులో కొంత వేడిగా పోతుంది కాబట్టి చివరికి మిగిలేది ఖాళీ బ్యాటరీ.

వీటన్నిటికన్నా ముందు కట్ ఆఫ్ స్విచ్చు, ఫ్యూజులు చూసుకోవాలి. బ్యాటరీని తీసిపెట్టినప్పుడు పాజిటివ్, నెగటివ్ ఒక్క క్షణం తారుమారైనా ఛార్జరు ఫ్యూజు ఎగిరిపోతుంది. చూపుకి బాగున్నట్టే ఉంటుంది, మీటరు పెడితేనే తెలుస్తుంది.

సోలార్‌తో ఎంత వస్తుంది?

హైదరాబాద్ ఎండకి పైకప్పు మీది 100 వాట్ల ప్యానెల్ రోజుకి 300 నుంచి 350 వాట్-అవర్లు ఇస్తే బాగా ఇచ్చినట్టే. బ్యాటరీ భాషలో అది సుమారు 25 ఆంపియర్-అవర్లు. లైట్లకి, ఫోన్లకి, చిన్న ఫ్యానుకి సరిపోతుంది. వెయ్యి వాట్ల ఏసీ ఒక్క గంట నడిస్తే పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి 83 ఆంపియర్-అవర్లు పోతాయి, ఇన్వర్టరు నష్టం దాని పైన. పైగా జర్మన్ శాస్త్రవేత్త ప్యూకర్ట్ 1897లో చెప్పినట్టు, లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి ఎంత వేగంగా లాగితే మొత్తం మీద అంత తక్కువ వస్తుంది. 150 అని రాసింది ఇరవై గంటల పాటు మెల్లగా వాడితే వచ్చే లెక్క. సోలార్ పెట్టించాక కూడా ఏసీ వేస్తే బ్యాటరీ దిగిపోతోందంటే అది ఛార్జింగు లోపం కాదు, ఆదాయానికి మించిన ఖర్చు.

మండు వేసవిలో ప్యానెల్ ఉత్పత్తి తగ్గుతుందన్నది చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. సెల్లు 25 డిగ్రీలు దాటిన తర్వాత ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.4 శాతం దాకా పడిపోతుంది. పైకప్పుకి అతుక్కున్న ప్యానెల్ మే నెలలో 65 డిగ్రీలకి చేరిందంటే 16 శాతం దాకా పోయినట్టే. కింద నాలుగు వేళ్ల సందు వదిలి గాలి ఆడేలా బిగిస్తే కొంత మేలు. చెట్టు కొమ్మ నీడ ఒక మూల పడినా నష్టం ఆ మూలతో ఆగదు. సెల్లులన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఆ వరుస మొత్తం మందగిస్తుంది.

నిలిపి ఉంచిన బండిలో ఎవరు తాగుతున్నారు?

విమానాశ్రయం పార్కింగులో కారు పెట్టి రెండు వారాలు ఊరెళ్లి వచ్చాక స్టార్టు కాకపోవడం తెలిసిన సంగతే. క్యారవాన్‌లో ఇది ఇంకా ఎక్కువ. స్టీరియో మెమరీ, గ్యాస్ లీకేజీ అలారం, ట్రాకర్, సెక్యూరిటీ అలారం కలిసి 150 మిల్లీఆంపియర్లు తాగినా రోజుకి 3.6 ఆంపియర్-అవర్లు పోతాయి. 14 రోజులకి 50. వంద ఆంపియర్-అవర్ బ్యాటరీ సగానికి వచ్చేస్తుంది. ఇన్వర్టరుని ఆన్‌లో వదిలేస్తే, దానికి ఏమీ తగిలించకపోయినా ఒక ఆంపియరు దాకా తీసుకోవచ్చు. అప్పుడు రెండు రోజులు చాలు.

కనిపెట్టే పద్ధతి తేలిక. అన్ని స్విచ్చులూ కట్టి, నెగటివ్ వైరు తీసి, వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరుని పది ఆంపియర్ల రేంజిలో పెట్టాలి. అంకె ఎక్కువ కనిపిస్తే ఫ్యూజులు ఒక్కోటీ తీస్తూ పోవాలి. ఏది తీయగానే అంకె పడిపోయిందో ఆ లైనులో ఉంది తాగేది. ఈ పరీక్ష చేస్తూ ఇంజిన్ స్టార్టు చేయకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది.

ఎండ చేసే చేటు

చలిదేశాల వాళ్లు బ్యాటరీకి చలి శత్రువంటారు. మనకి శత్రువు ఎండ. లోపలి రసాయన చర్యలు వేడికి వేగం పుంజుకుంటాయి. బ్యాటరీ ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అవుతుందని ఇంజినీర్లు లెక్కగా చెప్పుకుంటారు. ఛార్జింగు వోల్టేజీ కూడా వేడిని బట్టి మారాలి. 14.4 అనేది 25 డిగ్రీల లెక్క. సీటు కింద మూసిన పెట్టెలో ఉన్న బ్యాటరీ 45 డిగ్రీల దగ్గర ఉంటే దాదాపు అర వోల్టు తగ్గించాలి. తగ్గించకపోతే లోపలి నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి, మట్టం తగ్గి పలకలు బయటపడతాయి. ఉష్ణోగ్రత చూసుకుని వోల్టేజీ సర్దుకునే ఛార్జరైతే ఈ గొడవ ఉండదు. లేకపోతే వేసవిలో తరచూ మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు, తగ్గేది నీళ్లే కాబట్టి.

ఆ హైడ్రోజన్‌తో జాగ్రత్త. గాలిలో నాలుగు శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. బ్యాటరీ పెట్టెకి బయటికి గాలి పోయే దారి ఉండాలి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. చేతికి ఉంగరాలు, గొలుసు గడియారం ఉండకూడదు. 230 వోల్టుల వైపు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

లిథియం వస్తే లెక్క మారుతుంది

ఇప్పుడు క్యారవాన్లలోకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వస్తున్నాయి. ఈ రసాయనాన్ని 1997లో ప్రపంచానికి పరిచయం చేసిన పరిశోధనా పత్రం మీద అమెరికన్ శాస్త్రవేత్త గుడెనఫ్ పేరుతోపాటు పాఢి, నంజుండస్వామి అనే భారతీయుల పేర్లున్నాయి. సగం ఛార్జితో వదిలేసినా దీనికి సల్ఫేషన్ బాధ లేదు. కానీ తప్పు పట్టే పద్ధతి మారుతుంది. ఇరవై శాతం నుంచి తొంభై శాతం దాకా నిలకడ వోల్టేజీ 13.0 నుంచి 13.3 మధ్యే తిరుగుతుంది. మీటరు చూసి ఎంత ఉందో చెప్పలేం. లోపలికి పోయిన, బయటికి వచ్చిన ఆంపియర్లని కలిపి లెక్కకట్టే బ్యాటరీ మానిటర్ కావాలి.

రెండో తేడా బీఎంఎస్, అంటే బ్యాటరీ లోపలే కూర్చున్న కాపలా సర్క్యూటు. మరీ ఖాళీ అయితే, మరీ వేడెక్కితే అది బ్యాటరీని బయటి ప్రపంచం నుంచి తెంపేస్తుంది. అప్పుడు టెర్మినళ్ల మీద మీటరు పెడితే సున్నాకి దగ్గరగా చూపిస్తుంది. అక్కడ బ్యాటరీయే లేదనుకుని మామూలు ఛార్జరు ఛార్జింగు మొదలుపెట్టదు. చచ్చిందనుకుని పారేసే లిథియం బ్యాటరీల్లో కొన్ని నిజానికి ఇలా నిద్రపోతున్నవే. నిద్ర లేపే సౌకర్యమున్న లిథియం ఛార్జరు పెడితే లేస్తాయి. మధ్యాహ్నం ఎండలో ఛార్జింగు ఆగి సాయంత్రం దానంతటదే మొదలైతే అదీ బీఎంఎస్ పనే. బ్యాటరీని చల్లని చోటికి మార్చాలి తప్ప కాపలాని తప్పించకూడదు.

లిథియం బ్యాటరీలో తేడా వస్తే ఎంత ప్రమాదమో 2013 జనవరి చెప్పింది. అమెరికాలోని బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787లో లిథియం బ్యాటరీ కాలింది. కొద్ది రోజులకే జపాన్‌లో ఇంకో 787లో పొగ వచ్చింది. ఎయిర్ ఇండియావి సహా ప్రపంచంలోని 787లన్నిటినీ ఎగరకుండా ఆపేశారు. బోస్టన్ బ్యాటరీలో ఒక సెల్లు లోపల షార్టయి, ఆ వేడి పక్క సెల్లులకి పాకిందని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆ విమానాల్లో వాడింది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ రకం. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ గట్టిగా కట్టుబడి ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా రగలదు. అయినా కాపలా కాపలాయే.

ఈ విద్యకి శంషాబాద్ చుట్టుపక్కల చోటు దొరుకుతుండటం విశేషం. 1977లో మొదలై విమానాల బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న హెచ్‌బీఎల్ సంస్థ ప్లాంటు ఇదే బెంగళూరు హైవే వైపు, కొత్తూరుకి దగ్గర్లోని నందిగామలో ఉంది. తిరుపతి దగ్గర పుట్టిన అమరరాజా 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి, విమానాశ్రయం పక్కనే జీఎంఆర్ ఏరోసిటీలో బ్యాటరీ పరిశోధనా కేంద్రానికి శంకుస్థాపన చేసింది.

కొనేముందు మూడు అంకెలు

కొత్త బ్యాటరీకి డబ్బు తీసేముందు, ఛార్జింగు జరుగుతుండగా మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి. ఛార్జరు లేదా ఆల్టర్నేటర్ దగ్గర వోల్టులు, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర వోల్టులు, లోపలికి పోతున్న ఆంపియర్లు. మూలం దగ్గరే వోల్టులు తక్కువుండి ఆంపియర్లు కూడా లేకపోతే ఛార్జరునో, ఆల్టర్నేటర్‌నో చూపించాలి. మూలం దగ్గర బాగుండి బ్యాటరీ దగ్గర అర వోల్టు తగ్గితే వైర్లని, ఎర్త్‌ని చూడాలి. రెండుచోట్లా 13 దగ్గరే ఉన్నా ఆంపియర్లు బాగా పోతుంటే ఏ తప్పూ లేదు, నిండడానికి టైమివ్వాలి. రెండుచోట్లా 14.4 ఉండి, ఆంపియర్లు వెంటనే పడిపోయి, మర్నాటికి నిలకడ వోల్టేజీ 12.2కి దిగితే బ్యాటరీ పని అయిపోయింది. కొత్తది కొనాల్సింది ఈ చివరి సందర్భంలోనే. అప్పుడు కూడా పాతది ఎందుకు పోయిందో ఆ కాగితం మీద వెతికి, ఆ తప్పు సరిచేశాకే కొత్తది బిగించాలి.